ఇంజిన్ దించే ముందు జీపును ఒకసారి కడగండి

ప్రశ్న: మాది మందస దగ్గర పల్లె. మహేంద్రగిరి కొండల వైపు జీడితోట ఉంది. పిక్కల బస్తాలు దించడానికి నాన్నగారి కాలం నాటి మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపే దిక్కు. ప్యూజో డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవు. రెండేళ్లుగా కింద ఆయిల్ కారుతోంది. ఈమధ్య పది రోజులకోసారి అర లీటరు ఇంజిన్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఒక మెకానిక్ ఇంజిన్ దించి మొత్తం సీళ్లు మార్చాలన్నాడు, చెప్పిన లెక్క వింటే గుండె ఆగినంత పనైంది. ఇంకొకాయన పాత జీపన్నాక కారుతుంది, పట్టించుకోవద్దన్నాడు. వానాకాలంలో గెడ్డ దాటిన దగ్గర్నుంచి వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడిగా ఉంటోంది. హ్యాండ్ బ్రేక్ కూడా పట్టడం లేదు. కింద దూరి చూస్తే షాఫ్టు దగ్గరున్న బ్రేకు డ్రమ్ము చుట్టూ ఆయిలే. ఇంజిన్ చేయించమంటారా, తుక్కుకి అమ్మేయమంటారా?

జవాబు: అమ్మొద్దు బాబూ. ఇంజిన్ ఇప్పుడే దించొద్దు కూడా.

మీరు ఒక లీకు గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు మూడు లీకులు కనిపిస్తున్నాయి. ఇంజిన్‌ది ఒకటి, వెనక చక్రానిది ఒకటి, హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము దగ్గరిది ఇంకొకటి. ఖర్చు చూసి మీరు భయపడుతున్నది మొదటి దానికి. నాకు భయం వేసింది మిగతా రెండూ చదివాక. ఇంజిన్ ఆయిల్ కారితే పోసుకుంటూ తిరగొచ్చు, డిప్‌స్టిక్కు చూసుకుంటున్నంత కాలం ఇంజిన్‌కి ఏమీ కాదు. బ్రేకు లైనర్ల మీద ఆయిల్ పడితే మాత్రం బస్తాల లోడుతో కొండ దిగుతున్నప్పుడు ఆ చక్రం ఆగదు. రెండో చక్రం ఆగుతుంది, బండి పక్కకి లాగేస్తుంది. అందుకని పని వెనక నుంచి మొదలుపెడదాం.

కింద దూరే ముందు ఒక్క మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ జీపులో హ్యాండ్ బ్రేక్ చక్రాల్లో లేదు, ముందు, వెనక చక్రాలకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంది. పాత జీపుల్లో ఇది మామూలే. అది పట్టుకునేది షాఫ్టుని, చక్రాన్ని కాదు. వెనక చక్రం ఒక్కటి జాకీ మీద లేపారంటే, షాఫ్టు ఆగి ఉన్నా, రెండు వెనక చక్రాలనీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీదున్న చక్రం ఇంకోవైపు తిరగగలవు. అంటే హ్యాండ్ బ్రేక్ బాగున్నా సరే, గేరులో పెట్టినా సరే, బండి దొర్లిపోతుంది. చదును నేల మీద పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా దుంగలు అడ్డం వేసి, ఛాసిస్ కింద స్టాండ్లు గానీ మందపాటి స్లీపరు చెక్కలు గానీ పెట్టాకే కిందకి వెళ్లండి. జాకీని నమ్ముకుని బండి కింద పడుకోవద్దు.

ఇప్పుడు చక్రం సంగతి. తడిగా ఉందన్నారు, అది ఏ ఆయిలో చెప్పలేదు. బ్రేకాయిల్ కావచ్చు, గేరాయిల్ కావచ్చు. వేలితో అంటుకుని చూడండి. బ్రేకాయిల్ పల్చగా ఉంటుంది, నీళ్లు పోస్తే కడుక్కుపోతుంది, అది పడిన చోట పెయింటు లేచిపోతుంది. గేరాయిల్ చిక్కగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కంపు కొడుతుంది, నీళ్లకు లొంగదు. బ్రేకాయిల్ అయితే వీల్ సిలిండర్ కిట్టు పోయినట్టు, మాస్టర్ సిలిండర్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతూ ఉంటుంది. అదే అయితే బాగయ్యేదాకా బండి కదపొద్దు. గేరాయిల్ అయితే యాక్సిల్ సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు, దాటి వస్తోందన్నమాట. గెడ్డ దాటాక మొదలైందన్నారు కాబట్టి నా అనుమానం దీని మీదే.

గెడ్డకీ సీలుకీ ఏమిటి సంబంధం అంటారా? వెనక యాక్సిల్ హౌసింగ్ మీద చిటికెన వేలంత బ్రీదర్ ఉంటుంది. నడుస్తుంటే హౌసింగ్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటకు పోవడానికే ఆ బ్రీదర్. అది బురదతోనో, కందిరీగ పెట్టిన మట్టి గూటితోనో మూసుకుపోయిందంటే గాలికి దారి ఉండదు. సీలు అంచుని తోసుకుని, ఆయిల్‌ని వెంటబెట్టుకుని బయటకొస్తుంది. గెడ్డలో దిగినప్పుడు ఇది తిరగబడుతుంది. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుని, అదే సీలు గుండా నీళ్లని లోపలికి పీలుస్తుంది. కాబట్టి ముందు ఆ బ్రీదర్ విప్పి, డీజిల్‌లో కడిగి, నోటితో ఊది చూడండి. తర్వాత హౌసింగ్ ఫిల్లర్ ప్లగ్గు తీసి వేలు ముంచండి. ఆయిల్ తెల్లబారి నురగ నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. మొత్తం దించేసి కొత్తది పోయాల్సిందే, లేకపోతే బేరింగులు తుప్పు పట్టి అరిగిపోతాయి. బ్రీదర్ దగ్గర చిన్న రబ్బరు పైపు తగిలించి, ఛాసిస్ మీదకి ఎత్తులో కట్టించుకుంటే వచ్చే వానాకాలం గెడ్డ దాటినా ఈ బెడద ఉండదు. పెద్ద ఖర్చు పని కూడా కాదు, కొండ దారిలో తిరిగే జీపు ప్రతిదానికీ ఇది ఉండాలని నా అభిప్రాయం.

బ్రీదర్ శుభ్రం చేసినంత మాత్రాన పాడైన సీలు బాగుపడదు, సీలు మార్చాలి. కానీ బ్రీదర్ చూడకుండా సీలు ఒక్కటే మారిస్తే కొత్త సీలు కూడా మళ్లీ కారుతుంది. పని చేయించుకున్న చాలామంది మెకానిక్‌ని తిట్టుకునేది ఇక్కడే. డ్రమ్ము ఊడదీశాక లైనర్లు ఆయిల్ పీల్చి ఉంటే వాటిని పెట్రోలుతో కడగడం, కాల్చడం లాంటివి చేయనివ్వకండి. లోపలికి ఇంకిన ఆయిల్ బ్రేకు వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా కొత్త లైనర్లు వేయించండి, ఒక్క వైపే వేస్తే బండి లాగుతుంది. డ్రమ్ములోని దుమ్ముని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము కథ కూడా ఇలాంటిదే. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు బయటికొచ్చే చోట ఒక సీలు ఉంటుంది, అది కారితే ఆయిల్ నేరుగా డ్రమ్ములోకే పోతుంది. సీలు మార్చి, లైనర్లు మార్చి, లింకు సర్దితే పట్టాలి. అయితే సీలు తీయించే ముందు ఒక పరీక్ష చేయండి. షాఫ్టు విప్పించి, అది బిగించే యోక్‌ని రెండు చేతులతో పట్టుకుని కిందికి పైకి ఊపండి. గట్టిగా నిలబడకుండా ఆడుతోందంటే బేరింగ్ అరిగింది. అలా ఊగే షాఫ్టు మీద ఏ సీలూ నిలవదు, నెల తిరిగేసరికి మళ్లీ కారుతుంది. పనిలో పనిగా గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రెండింటి మట్టాలూ చూడండి. ఒక దాంట్లో తగ్గి ఇంకో దాంట్లో ప్లగ్గు తీయగానే పొర్లిందంటే రెండింటి మధ్య నుంచి ఆయిల్ దాటుతోంది, బయట ఎంత వెతికినా ఆ లీకు కనిపించదు.

ఇక ఇంజిన్. మీరు పంపిన వివరాలతో అది ఎక్కడ నుంచి కారుతోందో ఎవరూ చెప్పలేరు, ఇంజిన్ దించాలన్న మెకానిక్ కూడా. పెంకుటింట్లో వాన నీళ్లు పడిన చోటుకి సరిగ్గా పైన పెంకు పగిలి ఉండదు కదా, వాసం పట్టుకుని ఎక్కడి నుంచో జారి వస్తాయి. ఇంజిన్ ఆయిలూ అంతే, ఎక్కడో పైన బయల్దేరి, ఫ్యాను గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) అంచు పట్టుకుని పాకి, ఆఖరికి క్లచ్ హౌసింగ్ కింద బొట్టు కడుతుంది. ఆ బొట్టు చూసి క్రాంక్ వెనక సీలు పోయిందనుకోవడం, దానికోసం గేర్‌బాక్సు దించడం, అన్నీ బిగించాక చూస్తే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారుతోందని తేలడం, ఇవన్నీ షెడ్లలో జరుగుతూనే ఉంటాయి.

అందుకే కడగమంటున్నాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డీజిల్, బ్రష్షు పట్టుకుని రెండేళ్ల మడ్డి మొత్తం వదలగొట్టండి. పెట్రోలు వాడొద్దు, నిప్పంటుకుంటుంది. ఆల్టర్నేటర్‌కి, సెల్ఫ్ మోటారుకి ప్లాస్టిక్ కవరు చుట్టండి. కడిగాక గుడ్డతో తుడిచి, ఎండలో ఆరనిచ్చి, ఇంజిన్ పై నుంచి కిందికి అనుమానం ఉన్న చోటల్లా మామూలు టాల్కం పౌడరు చల్లండి. ఒక పది కిలోమీటర్లు తిప్పుకొచ్చి టార్చిలైటు వేసి చూడండి. తెల్లటి పౌడరు మీద నల్లటి గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. గీత కింది చివర చూడకండి, పైకి ఎక్కుతూ వెళ్లండి, తడి ఆగిపోయిన చోటు పట్టుకోండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లగా ఉంటుంది కాబట్టి స్పష్టంగా తెలిసిపోతుంది. రాత్రికి బండి కింద నాలుగు న్యూస్ పేపర్లు పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో వాటి మీద గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి ఏ భాగం కింద ఏ రంగు మరక పడిందో ఒక పటం తయారవుతుంది. నల్లది ఇంజిన్ ఆయిల్, తేనె రంగులో చిక్కగా ఉన్నది గేరాయిల్, పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా ఉంటే అది రేడియేటర్ కూలెంట్.

పైన వెతకాల్సినవి ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ మొదలు. ఫిల్టర్ దగ్గర ఒకటి చూడండి, మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీదే కొత్తది బిగించి ఉంటే రెండు రింగుల మధ్య నుంచి కారుతుంది. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉంటే దానికి వెళ్లే ఆయిల్ పైపులు, వాటి క్లిప్పులు చూడండి. ముందు వైపు క్రాంక్ పుల్లీ వెనక సీలు, కింద చాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ ప్లగ్గు వాషరు. వీటిలో ఏ ఒక్కదానికీ ఇంజిన్ దించక్కర్లేదు.

ఇవన్నీ పొడిగా ఉండి, క్లచ్ హౌసింగ్ కింద రంధ్రం నుంచి మాత్రమే కారుతోందంటే అప్పుడు ఆలోచించాలి. అక్కడ కూడా రెండు దారులున్నాయి. నల్లగా పల్చగా ఉంటే క్రాంక్ వెనక సీలు. చిక్కగా గంధకం వాసనతో ఉంటే గేర్‌బాక్సు ముందు సీలు. రెండింటికీ గేర్‌బాక్సు దించాలి గానీ ఇంజిన్ విప్పి ముక్కలు చేయక్కర్లేదు. లోడుతో ఎత్తెక్కుతున్నప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటుకి ఆయిల్ అంటింది, అప్పుడు వాయిదా వేయకండి.

ఒక్క సీలు కొనడానికి వెళ్లే ముందు కూడా చేయాల్సిన పరీక్ష ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అది. ఇంజిన్ వేడెక్కాక స్లో మీద పెట్టి, ఆయిల్ పోసే మూత తిప్పి ఊరికే దాని మీద వదిలేయండి. మూత నెమ్మదిగా కదిలితే ఫరవాలేదు. ఎగిరెగిరి పడుతూ, తీసి చూస్తే పొగ గుప్పుగుప్పున తోసుకొస్తుంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఇంజిన్ బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయి ఉండొచ్చు. విప్పి శుభ్రం చేసి మళ్లీ చూడండి. చాలా సార్లు ఈ ఒక్క పనితోనే సగం లీకులు తగ్గుతాయి. రెండు, పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగి మండిన గాలి చాంబర్‌లోకి దిగుతూ ఉండొచ్చు. అదే అయితే సీళ్లు ఎన్ని మార్చినా ఆ ఒత్తిడి ఏదో ఒక సందు వెతుక్కుంటుంది. మీరు పోస్తున్న అర లీటరులో కొంత నేల మీద పడుతోందా, కొంత సైలెన్సర్‌లో నీలం పొగగా పోతోందా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు ఎవరినైనా వెనక నిలబెట్టి పొగ రంగు చూడమనండి. ఇంజిన్ పని అవసరమా కాదా అన్నది ఈ పరీక్ష చెప్పాలి, కింద పడిన మరక కాదు.

డిప్‌స్టిక్కు చూసేటప్పుడు మట్టం పెరుగుతోందేమో కూడా గమనించండి. పోయకుండానే పెరిగితే, వాసన డీజిల్‌లా ఉంటే, ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరిగి డీజిల్ చాంబర్‌లోకి దిగుతోందని అర్థం. ఆయిల్ పల్చబడి ప్రతి సీలు నుంచీ కారుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. అలా కనిపిస్తే ఇంజిన్ ఆపేసి పంపు సంగతి ముందు చూడాలి. ఇంకొకటి, కారిపోతోంది కదా అని పై గుర్తు దాటేదాకా పోయకండి, ఎక్కువైన ఆయిల్ కూడా కారడానికే చూస్తుంది.

సీలు మార్చే మెకానిక్ పక్కన మీరు నిలబడండి. పాత సీలు తీశాక షాఫ్టు తుడిచి, సీలు అంచు ఆనే చోట గోరు అడ్డంగా గీయండి. గోరు తట్టుకుని ఆగిందంటే అక్కడ గాడి పడింది. ఏళ్ల తరబడి ఆ మెత్తటి రబ్బరు అంచే, దుమ్ము తోడై, ఇనుమును కోసేస్తుంది. ఆ గాడిలో కొత్త సీలు కూర్చుంటే కారుతుంది. సన్నటి స్టీలు స్లీవ్ ఎక్కించడమో, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి అంచు అరగని చోట ఆనేలా చేయడమో చేయాలి. కాశీబుగ్గలోనో టెక్కలిలోనో లారీ షెడ్ల దగ్గరి లేత్ షాపులో అడగండి, యోక్ పట్టుకెళ్తే స్లీవ్ వేసిస్తారు. సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో అచ్చేసి ఉంటాయి. షాపులో బండి పేరుతో పాటు ఆ మూడు అంకెలూ చెప్పండి, లేకపోతే దగ్గర దగ్గరగా ఉన్నది అంటగడతారు. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి, అంచుకి కాస్త గ్రీజు రాయాలి, చెక్క దిమ్మ పెట్టి అన్ని వైపులా సమానంగా కొట్టాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క పొడుస్తుంటే ఆపండి. డిఫరెన్షియల్ పినియన్ సీలు మార్చాల్సి వస్తే విప్పే ముందు నట్టుకీ షాఫ్టుకీ కలిపి సెంటర్ పంచుతో గుర్తు కొట్టి, మళ్లీ అదే గుర్తుకి బిగించమనండి. ఆ బిగువు తప్పితే బేరింగులు ఊళ పెడతాయి.

ప్యాకింగుల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు రెండు రకాలు. పానా పట్టుకుని బలం ఉన్నంతా బిగిస్తారు, కార్కు ప్యాకింగ్ నలిగి బయటికి పొడుచుకొస్తుంది, చాంబర్ రేకు బోల్టు రంధ్రాల దగ్గర లోపలికి వంగుతుంది. వంగిన రేకును చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేయకపోతే ఎన్ని ప్యాకింగులు మార్చినా దండగ. రెండోది సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం. బయటికి ఉబికినంత లోపలికీ ఉబుకుతుంది. ఆ తునకలు ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. సన్నటి గీతలా పూస్తే చాలు. లీకు ఆపే మందులని డబ్బాల్లో అమ్మేవి పోయొద్దు, ముదిరిన రబ్బరు కొన్నాళ్లు ఉబ్బి ఆగినట్టే అనిపిస్తుంది, తర్వాత ఇంకా మెత్తబడుతుంది.

ఆయిల్ విషయంలో: హౌసింగ్‌లో 90 గ్రేడు జీఎల్-5 గేరాయిల్ సరిపోతుంది. గేర్‌బాక్సులో అదే పోసేస్తారు చాలామంది. లోపల ఇత్తడి రింగులుంటే జీఎల్-5 వాటికి మంచిది కాదు, జీఎల్-4 అడిగి తెచ్చుకోండి. దించిన పాత ఆయిల్‌ని గెడ్డలోనో బావి పక్కనో పారబోయకండి, డబ్బాలో పట్టి వేస్టాయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

డబ్బు సంగతికొస్తే, మార్చిలో పిక్క రాలడం మొదలయ్యేలోపు వెనక చక్రం, హ్యాండ్ బ్రేక్, రెండు బ్రీదర్లు పూర్తి చేయించండి. వీటిని మాత్రం వాయిదా వేయొద్దు. ఇంజిన్ కడిగి పౌడరు పరీక్ష మీరే చేసుకోండి, పైన ప్యాకింగులు, ఫిల్టర్ దగ్గర కారుతుంటే అప్పుడే మార్పించండి. క్రాంక్ వెనక సీలు అని తేలితే, క్లచ్ జారకుండా ఉంటే, సీజన్ అయిపోయి చేతిలో డబ్బు ఆడాక జూన్‌లో గేర్‌బాక్సు దింపించవచ్చు. అప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూడమనండి, దించిన కూలీ ఒక్కసారే పడుతుంది. బ్యాక్ కంప్రెషన్ గట్టిగా ఉంటే మాత్రం ఇంజిన్ పని తప్పదు. ఆ మెకానిక్ చెప్పిన లెక్క అప్పుడు బేరమాడండి, ఏమేం మారుస్తాడో కాగితం మీద రాయించుకుని మరీ.

ఈలోగా తోటలో ఏటవాలుగా బండి ఆపాల్సి వస్తే గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే బస్తాలు ఎత్తండి. పేపర్ల మీద మరకలు ఎక్కడెక్కడ పడ్డాయో, మూత ఎలా ఎగిరిందో రాసి పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.